ఫ్లూ సీజను దగ్గర పడుతోంది: సిబ్బంది టీకాలు, రిపోర్టు రాకముందే మందు – అనుభవం ఉన్నవారు చెప్పండి

#1 వార్డు_ఇన్‌చార్జి

అందరికీ నమస్కారం. మెడికల్ వార్డు బాధ్యత చూసే నర్సును. ఈసారి మా దగ్గర సిబ్బంది ఫ్లూ టీకాల పని నాకు అప్పగించారు. పోయిన సీజనులో జరిగింది మళ్లీ జరగకూడదన్న పట్టుదలతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

అప్పుడు డెబ్బై దాటిన ఒక పెద్దాయన గుండె బలహీనతతో మా వార్డులో చేరారు. చేరినప్పుడు జ్వరం లేదు, దగ్గు లేదు. ఐదో రోజు చలి, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు మొదలయ్యాయి. అంతకు రెండు రోజుల ముందు నుంచి మా సిబ్బందిలో ఒకరు గొంతు నొప్పితోనే డ్యూటీకి వస్తున్నారు. వార్డులో మనుషులు తక్కువని, తాను సెలవు పెడితే మిగతావారి మీద భారం పడుతుందని ఆవిడ బాధ. ఎవరి నుంచి ఎవరికి అంటిందో కచ్చితంగా చెప్పలేను. ఆవిడను తప్పుపట్టడం కూడా నా ఉద్దేశం కాదు.

పెద్దాయనకు వెంటనే ఫలితం చెప్పే ర్యాపిడ్ పరీక్ష చేస్తే నెగటివ్ వచ్చింది. దాంతో ఫ్లూ మాట పక్కకు పోయింది. వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష రిపోర్టు రెండు రోజులకు వచ్చింది: ఇన్‌ఫ్లుయెంజా ఏ, అంటే ఫ్లూ వైరస్‌లో ఒక రకం. అప్పుడు ఫ్లూ వైరస్‌ను అణచే మందు ఒసెల్టామివిర్ మొదలుపెట్టారు. అప్పటికే ఆయన ఆక్సిజన్ మీద ఉన్నారు. రెండు చేతులతో మంచం కమ్మీ పట్టుకుని, ముందుకు వంగి, ఒక్కో శ్వాసనూ లాక్కుంటూ కూర్చున్న ఆయన రూపం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. కోలుకుని ఇంటికి వెళ్లారు, అదే సంతోషం. కానీ ఆ రెండు రోజులు మనం కాపాడగలిగినవే అనిపిస్తుంది.

నా ప్రశ్నలు రెండు. రిపోర్టు చేతికి రాకముందే మందు మొదలుపెట్టమని డ్యూటీ డాక్టర్లను అడిగేటప్పుడు ఏ ఆధారంతో అడగాలి? «టీకా వేసుకున్నా ఫ్లూ వచ్చింది, మళ్లీ ఎందుకు» అనే తోటివారికి నిజాయితీగా ఏమని చెప్పాలి?

#2 శ్వాస_వైద్యుడు

సిస్టర్ గారూ, మొదటి ప్రశ్నకు జవాబు సూటిగానే ఉంది. ఆసుపత్రిలో ఉన్న రోగికి ఫ్లూ అని బలంగా అనుమానం వస్తే నమూనా తీసి, వెంటనే మందు మొదలుపెట్టాలి. రిపోర్టు కోసం ఆగకూడదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఏళ్లుగా చెబుతున్నది ఇదే. పీసీఆర్ నెగటివ్ వచ్చి, వేరే కారణం తేలితే మందు ఆపేయవచ్చు. ఒకటి రెండు డోసుల ఒసెల్టామివిర్ వల్ల జరిగే నష్టం చాలా తక్కువ. రెండు రోజుల ఆలస్యం వల్ల జరిగేది అలా కాదు.

48 గంటల నియమాన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకున్నారు. లక్షణాలు మొదలైన రెండు రోజుల్లోపు ఇస్తే ఫలితం ఎక్కువ, ఎంత ముందు ఇస్తే అంత మంచిది. ఇంతవరకు నిజమే. కానీ «మూడో రోజు అయిపోయింది కాబట్టి ఇక ఇవ్వనక్కర్లేదు» అనడం ఆసుపత్రిలో చేరిన రోగి విషయంలో తప్పు. పరిస్థితి తీవ్రంగా ఉన్నా, దిగజారుతున్నా, ఆలస్యమైనా సరే ఇవ్వాలి.

పెద్దలకు మోతాదు 75 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు. తీవ్రంగా ఉన్నవారికి పొడిగించాల్సి రావచ్చు. మింగలేనివారికి ముక్కు గొట్టం ద్వారా ఇచ్చినా మందు ఒంటికి బాగానే పడుతుంది. జబ్బు తీవ్రంగా ఉంది కదా అని మోతాదు రెట్టింపు చేయవద్దు, దానివల్ల అదనపు మేలు కనిపించలేదు. స్టెరాయిడ్లు కూడా ఫ్లూ కోసమే అయితే ఇవ్వకూడదు. ఆస్తమా వంటి వేరే కారణం ఉంటే అది వేరే లెక్క.

మీరు చెప్పిన పెద్దాయన గుండె జబ్బు మనిషి కాబట్టి ఇంకొక మాట. ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి ఏడు రోజుల్లో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు పెరిగిందని కెనడాలో జరిగిన ఒక అధ్యయనం 2018లో తేల్చింది. అందుకే గుండె రోగుల వార్డులో ఫ్లూను జలుబులా చూడటం నన్ను చాలా బాధపెడుతుంది.

#3 ల్యాబ్_కిటికీ

ర్యాపిడ్ పరీక్ష మీద నా మాట వినండి, రోజూ ఆ కార్డులు చూసేవాణ్ని. పాజిటివ్ వస్తే, సీజను నడుస్తున్నప్పుడు, చాలావరకు నమ్మవచ్చు. నెగటివ్ వస్తే నమ్మడానికి వీల్లేదు. ఈ యాంటిజెన్ పరీక్షలు పట్టుకునేది సుమారు 50 నుంచి 70 శాతం కేసులనే. అంటే ఫ్లూ ఉన్న పది మందిలో ముగ్గురు నుంచి ఐదుగురికి నెగటివ్ చీటీ ఇచ్చి పంపేస్తాం. ఆసుపత్రిలో చేరినవారికి పీసీఆర్ లాంటి మాలిక్యులర్ పరీక్షే చేయాలి.

నమూనా తీయడంలోనూ సగం తప్పు జరుగుతోంది. పుల్లను ముక్కు అంచున తిప్పి పంపిస్తారు. అది నేరుగా వెనక్కి, చెవి వైపు గీత గీసినట్టు, లోపలి గోడ తగిలేవరకు వెళ్లాలి. అక్కడ కొన్ని క్షణాలు ఉంచి, మెల్లగా తిప్పుతూ తీయాలి. రోగి కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ముందే చెప్పి ధైర్యం ఇవ్వండి. వెంటిలేటర్ మీద ఉన్నవారికి ముక్కు, గొంతు నుంచి తీసిన నమూనా నెగటివ్ వచ్చినా ఊపిరితిత్తుల నుంచి తీసినదాంట్లో వైరస్ దొరకవచ్చు, అదీ పంపండి.

#4 తొలి_ఏడాది_డాక్టర్

పెద్దలందరికీ నమస్కారం. వార్డులో చేరినవారి సంగతి స్పష్టమైంది. ఓపీలో మాత్రం నేను ఇబ్బంది పడుతున్నాను. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల వ్యక్తి జ్వరంతో వచ్చి ఆ మందు రాయమని అడుగుతాడు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో, తీవ్రత లేని ఫ్లూకు ఒసెల్టామివిర్ వద్దని ఉంది. సీడీసీ మాత్రం ముప్పు ఎక్కువ ఉన్నవారికి ఓపీలోనే ఇవ్వమంటుంది. ఎవరి మాట పట్టుకోవాలి?

#5 శ్వాస_వైద్యుడు

మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే గొడవ అనుకున్నంత పెద్దది కాదు.

ఇద్దరూ ఒప్పుకునేవి మొదట చూడు. తీవ్రమైన ఫ్లూకు ఒసెల్టామివిర్ ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని షరతులతో కూడిన సిఫారసుగానే చెప్పింది, ఎందుకంటే ఆధారాలు అనుకున్నంత గట్టిగా లేవు. అయినా ఇవ్వమంది. ఆరోగ్యవంతుడైన నీ పాతికేళ్ల రోగికి ఈ మందు తప్పనిసరి అని ఎవరూ అనలేదు. రెండు రోజుల్లోపు వస్తే డాక్టరు విచక్షణ మీద ఇవ్వవచ్చని సీడీసీ అంటుంది. ఇస్తే లక్షణాలు సుమారు ఒక రోజు ముందు తగ్గుతాయి. ఆ ఒక్క రోజు కోసం వాంతులు, వికారం పడాలా వద్దా అన్నది రోగితో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం.

తేడా వచ్చేది మధ్యలో ఉన్నవారి దగ్గర. ఇంకా తీవ్రం కాలేదు, కానీ అయ్యే ముప్పు ఎక్కువ. వీరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ బలోక్సవిర్ అనే మరో ఫ్లూ మందు ఒక్క డోసు సూచించింది. సీడీసీ ఒసెల్టామివిర్‌నూ బలోక్సవిర్‌నూ రెండింటినీ ఒప్పుకుంటుంది. బలోక్సవిర్ అన్నిచోట్లా దొరకదు. అది లేనిచోట, అరవై అయిదు దాటి సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న మనిషి జ్వరం వచ్చిన తొలి రోజే నా ముందు కూర్చుంటే నేను ఒసెల్టామివిర్ రాస్తాను. నా సహోద్యోగుల్లో కొందరు రాయరు. ఇద్దరి దగ్గరా కారణాలున్నాయి. రాయకపోతే మాత్రం ఒక్క పని తప్పక చేయాలి: ఆయాసం వచ్చినా, ఛాతీ పట్టేసినా, మాట తడబడినా, జ్వరం తగ్గి మళ్లీ పెరిగినా వెంటనే రావాలని ఇంటివారికి అర్థమయ్యేలా చెప్పి పంపాలి. తగ్గి మళ్లీ పెరిగిందంటే బ్యాక్టీరియా న్యుమోనియా వచ్చిందేమో చూడాలి. ముఖ్యంగా న్యుమోకాకస్, స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియాలు.

#6 మందుల_గది

ఫార్మసిస్టుగా కొన్ని చేర్చాలి, ఎందుకంటే చీటీల మీద నాకు రోజూ కనిపించే పొరపాట్లు ఇవే.

మూత్రపిండాలు. క్రియాటినిన్ క్లియరెన్స్ (మూత్రపిండాలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే లెక్క) నిమిషానికి 30 నుంచి 60 మి.లీ. మధ్య ఉంటే ఒసెల్టామివిర్ 30 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. 10 నుంచి 30 మధ్య ఉంటే 30 మి.గ్రా. రోజుకు ఒక్కసారి. వృద్ధులకు క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి బాగుందనుకోవద్దు. వయసు, బరువు వేసి లెక్కకట్టండి. నలభై కిలోల ముసలమ్మకు 75 రాసి పంపిన చీటీలు ఎన్ని వెనక్కి పంపానో.

బలోక్సవిర్‌ను పాలు, పెరుగు, కాల్షియం, ఇనుము, యాంటాసిడ్లతో కలిపి తీసుకోకూడదు. తీసుకుంటే మందు ఒంటికి పట్టదు. బరువును బట్టి 40 లేదా 80 మి.గ్రా. ఒక్కసారే, 80 కిలోలు, ఆ పైన ఉన్నవారికి 80. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వద్దు. పీల్చే మందు జనామివిర్‌ను ఆస్తమా, సీఓపీడీ ఉన్నవారికి ఇస్తే శ్వాసనాళాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. పాత ఫ్లూ మందు అమాంటడిన్ ఊసే ఎత్తవద్దు. ఇప్పుడు తిరుగుతున్న ఇన్‌ఫ్లుయెంజా ఏ దానికి లొంగదు, బీ మీద అది ఎప్పుడూ పనిచేయలేదు.

ఒసెల్టామివిర్‌ను ఆహారంతో ఇస్తే వాంతులు తగ్గుతాయి. ఇంత చిన్న మాట చెప్పకపోవడం వల్ల రెండో రోజే మందు మానేసినవారిని చూశాను.

#7 పిల్లల_వార్డు

పిల్లలకు ఒసెల్టామివిర్ మోతాదు బరువును బట్టి. ఏడాది దాటినవారికి 15 కిలోల వరకు 30 మి.గ్రా., 23 వరకు 45, 40 వరకు 60, ఆపైన పెద్దల మోతాదే. అన్నీ రోజుకు రెండుసార్లు. నెలలు నిండి పుట్టి ఏడాది లోపు ఉన్నవారికి కిలోకు 3 మి.గ్రా. చొప్పున. రెండేళ్ల లోపువారిని ముప్పు ఎక్కువ ఉన్నవారిగానే లెక్కించాలి.

ద్రవ మందు ఇచ్చేటప్పుడు దయచేసి మిల్లీగ్రాములా, మిల్లీలీటర్లా అన్నది తల్లి ముందే సిరంజి మీద చూపించండి. 2009లో సిరంజి మీద మి.గ్రా. గుర్తులు, చీటీ మీద మి.లీ. ఉండటంతో పిల్లలకు తప్పు మోతాదులు పడుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మి.లీ.కు 6 మి.గ్రా. ఉన్న సీసాలో 45 మి.గ్రా. అంటే ఏడున్నర మి.లీ. నేను సిరంజి మీద ఆ గీత దగ్గర పెన్నుతో గుర్తు పెట్టి ఇస్తాను. అరనిమిషం పని.

జ్వరానికి ఆస్పిరిన్ వద్దు. మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ ముప్పు ఉంది.

టీకా ఆరు నెలలు నిండాక మొదలు. ఆరు నెలల నుంచి ఎనిమిదేళ్ల మధ్య మొదటిసారి వేసుకునే పిల్లలకు కనీసం నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడాలి. ఆరు నెలల లోపు పసికందుకు మనం వేయగలిగిన టీకా లేదు. వారిని కాపాడేది గర్భంలో ఉండగా తల్లి వేయించుకున్న టీకా, వారిని ఎత్తుకునే మనం వేయించుకున్న టీకా.

#8 ప్రసూతి_విభాగం

పై మాటకు నా మద్దతు. బతికున్న వైరస్ లేని సూది టీకాను (నిష్క్రియ టీకా) గర్భం ఏ నెలలోనైనా వేయవచ్చు. తల్లి నుంచి యాంటీబాడీలు బిడ్డకు చేరతాయి. ముక్కులో స్ప్రేగా కొట్టే సజీవ టీకా మాత్రం గర్భిణికి వద్దు. గర్భిణికి ఫ్లూ వస్తే ఒసెల్టామివిర్ ఇవ్వడానికి వెనుకాడకండి. ప్రసవం తర్వాత రెండు వారాల వరకు కూడా ముప్పు ఎక్కువ ఉన్నట్టే చూడాలి.

#9 రాత్రి_డ్యూటీ

ఇంతమంది పెద్దల మధ్య ఈ మాట అనడానికి మొహమాటంగా ఉంది. నేను మూడేళ్లుగా టీకా వేయించుకోలేదు. చివరిసారి వేయించుకున్న రాత్రి జ్వరం వచ్చింది, ఒళ్లంతా నొప్పులు. మరుసటి నెలలో ఫ్లూ కూడా వచ్చింది. రెండు విధాలా బాధపడ్డాను. నాకు గుడ్డు పడదు కూడా. ఈ అనుమానాలతో వెనక్కి తగ్గాను తప్ప రోగుల మీద ప్రేమ లేక కాదు.

#10 వార్డు_ఇన్‌చార్జి

మొహమాటం ఎందుకమ్మా, ఈ చర్చ నీలాంటివారి కోసమే. ఇలా మనసు విప్పి చెప్పేవారు ఉంటేనే నాకూ తెలుస్తుంది. డాక్టర్ గార్లూ, దయచేసి ఒక్కో అనుమానానికీ విడిగా చెప్పండి.

#11 శ్వాస_వైద్యుడు

సిస్టర్, మీ అనుభవం నిజం. టీకా తర్వాత చేయి నొప్పి, కొద్దిపాటి జ్వరం, ఒళ్లు నొప్పులు కొందరికి వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో పోతాయి. అది ఫ్లూ మాత్రం కాదు. సూదితో వేసే టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రావడం సాధ్యం కాదు.

తర్వాతి నెల ఫ్లూ వచ్చిందన్నారు. అదీ జరుగుతుంది. టీకా పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. పని చేయడం మొదలుపెట్టాక కూడా అది ఇనుప గోడ కాదు. తిరుగుతున్న వైరస్‌కూ టీకాకూ బాగా సరిపోయిన ఏడాదుల్లో డాక్టరు దగ్గరకు వెళ్లాల్సి వచ్చే ఫ్లూ ముప్పును 40 నుంచి 60 శాతం తగ్గిస్తుంది. సరిపోని ఏడాదుల్లో ఇంకా తక్కువ. ఈ అంకెను దాచి «వేసుకుంటే రాదు» అని ప్రచారం చేసినందుకే మన సిబ్బందిలో నమ్మకం పోయిందని నా గట్టి అభిప్రాయం. వచ్చినా ఐసీయూ దాకా వెళ్లే ప్రమాదం తగ్గుతుంది, అదీ లెక్కలోకి తీసుకోండి.

ప్రతి ఏడాదీ ఎందుకంటే, వైరస్ రూపం మార్చుకుంటూ ఉంటుంది, మన రక్షణ కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో, టీకాలో ఏ రకాలు ఉండాలో సూచిస్తుంది. ఫ్లూ వైరస్‌లలో బీ/యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా నిర్ధారణగా కనిపించలేదు. అందుకే నాలుగు రకాల టీకా నుంచి మళ్లీ మూడు రకాల టీకాకు మారుతున్నారు. మూడు రకాలదే దొరికిందని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

గుడ్డు సంగతి. ఇప్పుడు గుడ్డు పడనివారికి కూడా ఏ ఫ్లూ టీకా అయినా మామూలుగానే వేయవచ్చు, ప్రత్యేక ఏర్పాట్లు అక్కర్లేదు. సీడీసీ 2023లో ఈ మార్పు చేసింది. నిజంగా ఆగాల్సిన సందర్భాలు వేరు. ఫ్లూ టీకా వల్లనే ప్రాణాంతక అలర్జీ వచ్చిన చరిత్ర ఉంటే వేయకూడదు. టీకా తర్వాత ఆరు వారాల్లోపు గిలాన్-బారే (నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడే జబ్బు) వచ్చి ఉంటే డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

#12 మందుల_గది

టీకాల ఫ్రిజ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఒకసారి నేను తలుపు తీసేసరికి ఒక పెట్టె వెనక గోడకు ఆనించి ఉంది. చేయి పెడితే అట్ట తడిగా, లోపలి సీసాలు రాయిలా చల్లగా ఉన్నాయి. ఒక సీసా పైకెత్తి చూస్తే అడుగున మంచు పలుకు. కరిగాక చూస్తే మామూలు టీకాలాగే ఉంది, తేడా ఏమీ లేదు. పెట్టె మొత్తం పక్కన పెట్టించాం. గడ్డకట్టిన ఫ్లూ టీకా పనికిరాదు, కరిగినా వేయకూడదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. తలుపు అరల్లో పెట్టవద్దు, వెనక గోడకు ఆనించవద్దు, భోజనం డబ్బాలు అందులోకి రానివ్వవద్దు. థర్మామీటర్ అంకెను రోజుకు రెండుసార్లు రాసి సంతకం పెట్టండి.

వేసేవారికీ ఒక మాట. పెద్దలకు 0.5 మి.లీ., భుజం మీది డెల్టాయిడ్ కండరంలోకి. భుజం ఎముక కొన నుంచి రెండు మూడు వేళ్లు కిందకు. మరీ పైన వేస్తే కీలులోకి పోయి నెలల తరబడి చేయి ఎత్తలేని నొప్పి వస్తుంది. దాన్ని చూసిన మిగతా సిబ్బంది టీకా గదివైపే రారు. రోగి కూర్చుని ఉండాలి, వేసేవారు కూడా కూర్చుంటే మంచిది. తర్వాత పదిహేను నిమిషాలు అక్కడే ఉంచండి. తీవ్రమైన అలర్జీ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ పక్కనే ఉండాలి: పెద్దలకు 1:1000 ద్రావణం 0.5 మి.లీ., తొడ బయటి వైపు కండరంలోకి.

#13 తొలి_ఏడాది_డాక్టర్

సార్, వార్డులో ఒకరికి తేలాక పక్క మంచాల వారికి, టీకా వేయించుకోని సిబ్బందికి ఏమి చేయాలి?

#14 శ్వాస_వైద్యుడు

రోగిని విడిగా ఉంచి, దగ్గు తుంపరల ద్వారా అంటకుండా తీసుకునే డ్రాప్లెట్ జాగ్రత్తలు మొదలుపెట్టు. లక్షణాలు మొదలై ఏడు రోజులు నిండాలి, లేదా జ్వరం, శ్వాస లక్షణాలు పోయి 24 గంటలు గడవాలి. రెండింటిలో ఏది ఆలస్యమైతే అంతవరకు. పక్కవారిలో ముప్పు ఎక్కువ ఉన్నవారికి నివారణగా ఒసెల్టామివిర్ 75 మి.గ్రా. రోజుకు ఒక్కసారి, చివరి సంపర్కం తర్వాత ఏడు రోజులు. సంపర్కం జరిగి 48 గంటలు దాటిపోయి ఉంటే నివారణ మోతాదు మొదలుపెట్టవద్దు, లక్షణాల మీద కన్నేసి ఉంచు. వృద్ధాశ్రమాల్లో 72 గంటల్లో ఇద్దరు జబ్బుపడి, ఒక్కరికి పరీక్షలో తేలినా ప్రబలినట్టే లెక్క. అప్పుడు జబ్బు లేని నివాసులందరికీ కనీసం రెండు వారాలు, చివరి కేసు తర్వాత మరో వారం వరకు ఇవ్వాలి.

సీజను మధ్యలోనైనా సిబ్బందికి టీకా వేయాలి, ఆలస్యమైందని మానకూడదు. సూది టీకాతో పాటు ఒసెల్టామివిర్ ఇచ్చినా ఇబ్బంది లేదు. ముక్కు టీకాకు మాత్రం ఈ మందులు అడ్డుపడతాయి.

జ్వరం వచ్చిన సిబ్బంది ఇంట్లోనే ఉండాలి. జ్వరం మాత్ర వేసుకోకుండా జ్వరం లేని 24 గంటలు గడిచేదాకా అయినా డ్యూటీకి రాకూడదు. మాత్ర వేసుకుని ఒళ్లు చల్లబడింది కదా అని వచ్చేస్తే లెక్క కాదు. ఫ్లూ లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే అంటుతుంది. అందుకే సెలవు ఒక్కటే సరిపోదు, టీకా కూడా కావాలి. ఇక సిబ్బంది తక్కువని జ్వరంతో పనిచేయించే పద్ధతి మారాల్సింది పైవాళ్ల దగ్గర. ఒంట్లో బాగోలేనప్పుడు జీతం కోతపడని సెలవు లేకుండా ఎన్ని పోస్టర్లు అంటించినా నర్సులను నిందించినట్టే అవుతుంది.

#15 వార్డు_ఇన్‌చార్జి

ఆ చివరి మాటలు ఉన్నవి ఉన్నట్టుగా మా సూపరింటెండెంటు గారికి రాసే లేఖలో పెడుతున్నాను. వార్డు ఫైలులో ఒక కాగితం కూడా తయారుచేశాను: «జ్వరం, దగ్గు ఉండి ఫ్లూ అనుమానం: నమూనా తీయించి, డ్యూటీ డాక్టరును అప్పుడే పిలిచి, మొదటి డోసు ఎన్ని గంటలకు పడిందో రాయాలి.» డోసు సమయం రాసే గడి ఇంతకుముందు మా చార్టులో లేనే లేదు. టీకాలు రాత్రి డ్యూటీ వారికి అందేలా ఉదయం ఏడింటికే మొదలుపెడతాం. పగలు పదింటికి పెడితే వాళ్లు నిద్ర మానుకుని రావాల్సి వస్తోంది.

#16 రాత్రి_డ్యూటీ

అందరికీ కృతజ్ఞతలు. గుడ్డు భయం పోయింది. మా దగ్గరా ఎల్లుండి టీకాలు వేస్తున్నారు, డ్యూటీ దిగగానే వెళ్తాను. ఒక్క చిన్న అనుమానం: ఏ చేతికి వేయించుకోవాలి? వెంటనే ఇంటికెళ్లి పడుకోవాలి కదా.

#17 మందుల_గది

మీరు ఏ వైపు తిరిగి పడుకుంటారో ఆ చేతికి కాకుండా రెండో చేతికి వేయించుకోండి సిస్టర్. ఆ రోజు చేయి కదుపుతూ ఉండండి. నొప్పి ఎక్కువైతే పారాసెటమాల్ వేసుకోవచ్చు.

#18 రాత్రి_డ్యూటీ

కుడి వైపు తిరిగి పడుకుంటాను. ఎడమ చేతికే అయితే.